పర్లాకిమిడిలో తెలుగు ఛానళ్ల కోసం కొన్న బాక్సు: కోడీలో బయటి యాడాన్లు ఉంచాలా, తీసేయాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో మాటా మంతీ అంతా తెలుగే. అమ్మకి ఒడియా బాగానే వచ్చు గానీ సాయంత్రం సీరియల్ మాత్రం తెలుగులో పడాల్సిందే. మా వీధి కేబుల్ అతను ఇచ్చే ప్యాకేజీలో ఒడియా, హిందీ ఛానళ్లే నిండా ఉంటాయి, తెలుగువి రెండో మూడో వస్తాయి, వాటిలో కూడా ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండదు. అడిగితే పైనుంచే రావట్లేదండీ అంటాడు. ఊరు దాటి పాతపట్నం వెళ్తే మా పిన్నివాళ్లింట్లో అన్నీ వస్తాయి, ఈ ఒక్క సరిహద్దు గీత వల్ల మాకు రావు.

సంక్రాంతికి మా బావ బరంపురంలో ఒక షాపులో ఆండ్రాయిడ్ బాక్సు కొని తెచ్చాడు. ఒక్కసారి డబ్బు కడితే చాలు, నెలనెలా ఏమీ ఉండదు అని చెప్పారట. పెట్టి చూస్తే లోపల కోడీ అనే వీడియో ప్లేయర్ యాప్, అందులో ముందే ఎక్కించేసిన యాడాన్లు (దానికి తగిలించే చిన్న ప్రోగ్రాములు) బోలెడు. తెలుగు ఛానళ్లు, కొత్త సినిమాలు, క్రికెట్, ఏది నొక్కితే అది. అమ్మ చాలా సంతోషపడింది. పండగ వెళ్లిన కొన్నాళ్లకి ఒక్కొక్కటీ ఆగిపోవడం మొదలైంది. చక్రం తిరుగుతూ ఉంటుంది, తర్వాత పైన మూలన ఎర్రర్, లాగ్ చూడండి అని వచ్చి పోతుంది. షాపుకి ఫోన్ చేస్తే కంపెనీలవాళ్లు కొట్టేశారు, ఛానళ్ల కొత్త లిస్టు వేయాలంటే డబ్బు కట్టండి అని వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపారు. అమ్మేటప్పుడు ఈ మాట లేదు.

ఇంకో విషయం. రాత్రి టీవీ ఆపేశాక కూడా ఆ బాక్సు మీద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటోంది, రౌటర్ మీద లైటు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇంటర్నెట్ ఎవరు వాడుతున్నట్టు?

నాది వేరే సంగతి. నా గదిలో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కోడీ పెట్టుకున్నాను. ఒక ఓటీటీకి ఏడాదికి డబ్బు కట్టాను, దానికి రాస్‌బెర్రీ పై మీద యాప్ లేదు, అందుకని ఎవరో గిట్‌హబ్‌లో (ప్రోగ్రాములు పంచుకునే సైటు) పెట్టిన యాడాన్‌లో నా సొంత లాగిన్‌తోనే చూస్తున్నాను. అది కూడా నెలకోసారి పాడవుతుంది. వాళ్ల నిబంధనల్లో మా యాప్‌లో తప్ప ఇంకెక్కడా చూడకూడదు అన్నట్టు రాసి ఉంది. డబ్బు కట్టి చూసే నాదీ, ఆ బాక్సుదీ ఒకటే తప్పా? నా ఖాతా తీసేస్తారా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, ఇంట్లో రోజూ ఇదే చర్చ నడుస్తోంది.

గోపాల్‌పూర్_గాలి (బరంపురం):

మహేంద్రతనయ గారూ, ముందు వేడి సంగతి, ఎందుకంటే అది సీరియల్ కన్నా పెద్ద విషయం. ఆ బాక్సుని ఇవాళే రౌటర్ నుంచి తీసేయండి, వైఫై పాస్‌వర్డ్ మార్చండి. చవకగా పేరూ ఊరూ లేకుండా వచ్చే ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్నిటికి తయారయ్యే దశలోనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఎక్కించి పంపుతున్నారని 2023లో బయటపడింది, దానికి బ్యాడ్‌బాక్స్ అని పేరు పెట్టారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దాని రెండో విడత గురించి జనానికి హెచ్చరిక ఇచ్చింది. అలాంటి బాక్సు మీ ఇంటి ఇంటర్నెట్‌ని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లకి దారిగా ఇస్తుంది, వాళ్లు చేసే పని మీ ఇంటి ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ ఇంటి చిరునామా) మీద నడుస్తుంది. మీ దాంట్లో అదే ఉందని ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ టీవీ ఆపినా నెట్ నడుస్తోంది అంటే దాన్ని ఇంట్లో ఉంచకూడదు. అమ్మగారి ఫోన్లో బ్యాంకు యాప్, యూపీఐ కూడా అదే వైఫై మీద ఉంటాయి కదా.

ఇక కోడీ. దాన్ని తిట్టేవాళ్లు, పొగిడేవాళ్లు ఇద్దరూ దాన్ని సినిమాల కొట్టు అనుకుంటారు. అది ఉత్త ప్లేయరు. 2002లో మొదటి తరం ఎక్స్‌బాక్స్ మీద పాటలు, వీడియోలు ఆడించడానికి మొదలైంది, ఎక్స్‌బీఎంసీ అన్న పేరుతో పెరిగి 2014లో కోడీ అయింది. ఓపెన్ సోర్స్, ఉచితం, వెనక లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఉంది. కొత్తగా ఎక్కిస్తే అందులో ఒక్క సినిమా ఉండదు, ఒక్క ఛానల్ ఉండదు. మీ హార్డ్ డిస్కులో ఉన్నది ఆడిస్తుంది, అంతే.

మిగతాదంతా యాడాన్లతో వస్తుంది. యాడాన్ అంటే ఎక్కువగా పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాం. కోడీ వాళ్ల సొంత రిపాజిటరీలో (యాడాన్లు దొరికే గోదాం) ఉన్నవాటికి నియమాలు ఉన్నాయి, పైరసీవి అక్కడికి రానివ్వరు. బయటివాటికి సెట్టింగ్స్‌లో అన్‌నోన్ సోర్సెస్ ఆన్ చేసి జిప్ ఫైల్ ఎక్కించాలి. ఆ స్విచ్ నొక్కినప్పుడు కోడీ హెచ్చరిక చూపిస్తుంది, మీ షాపువాళ్లు దాన్ని మీ తరఫున ముందే నొక్కేసి ఇచ్చారు. యాడాన్‌కి విడిగా కంచె ఏమీ ఉండదు, కోడీకి ఏ అనుమతులు ఉన్నాయో దానికీ అవే. పైగా రిపాజిటరీ యజమాని ఎప్పుడు కావాలంటే అప్పుడు అప్‌డేట్ పంపొచ్చు, మీరు నిద్రలో ఉండగా అది ఎక్కిపోతుంది. 2017లో ఎక్సోడస్ అనే బాగా పేరున్న యాడాన్‌లోకి దాన్ని నడిపే మనిషే ఒక అప్‌డేట్‌తో కోడ్ దూర్చి, వాడేవాళ్లందరి బాక్సులతో తనకి గిట్టనివాళ్ల వెబ్‌సైట్ల మీద దాడి చేయించారు. 2018 సెప్టెంబరులో ఈసెట్ అనే యాంటీవైరస్ కంపెనీవాళ్లు ఇంకోటి బయటపెట్టారు: కొన్ని రిపాజిటరీల ద్వారా విండోస్, లైనక్స్ కంప్యూటర్లలోకి మొనేరో అనే డిజిటల్ నాణెం తవ్వే ప్రోగ్రాం పోయింది. సినిమా చూసేవాళ్లకి ఏమీ తెలియదు, ఫ్యాన్ మాత్రం గిర్రున తిరుగుతుంది.

కంపెనీలవాళ్లు కొట్టేశారు అన్న మాట సగం నిజమే అయి ఉంటుంది. ఆ యాడాన్లలో సినిమా ఉండదు, ఎక్కడెక్కడో సర్వర్లలో దొంగగా పెట్టిన లింకులు వెతికి తెచ్చి ఇస్తాయి. ఆ సర్వర్ పోతే యాడాన్ ఉత్త మెనూ. 2017 ఈ వ్యవహారానికి పెద్ద మలుపు. ఏప్రిల్ 26న యూరప్ న్యాయస్థానం ఫిల్మ్‌స్పెలర్ అనే బాక్సు కేసులో, దొంగ లింకుల యాడాన్లు ముందే ఎక్కించి బాక్సు అమ్మడమే కాపీరైట్ ఉల్లంఘన అని తేల్చింది, నేను బాక్సే అమ్మాను సినిమా కాదు అన్న వాదన చెల్లలేదు. జూన్‌లో అమెరికాలో డిష్ నెట్‌వర్క్ అనే డిష్ టీవీ కంపెనీవాళ్లు జెమ్‌టీవీ అనే యాడాన్ మీద, దాన్ని పెట్టిన టీవీ యాడాన్స్ సైటు మీద కేసు వేశారు. జెమ్‌టీవీలో వచ్చేవి ఎక్కువగా మన ఉపఖండం ఛానళ్లే. అదే జూన్‌లో పెద్ద స్టూడియోలు, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ కలిసి ఏస్ అని కూటమి పెట్టుకున్నాయి, ఏడాది తిరిగేలోపు టిక్‌బాక్స్, డ్రాగన్ బాక్స్ అనే బాక్సులవాళ్ల మీద పడ్డాయి. నవంబరులో యాడాన్లు రాసే కుర్రాళ్ల ఇళ్లకి నోటీసులు పోతే చాలామంది రాత్రికి రాత్రి మానేశారు.

ఇందులో నాకు కష్టంగా అనిపించేది కోడీ రాసేవాళ్ల పరిస్థితి. ఒక్క పైసా తీసుకోకుండా రాస్తారు, ఎవడో దాని పేరు పెట్టి బాక్సు అమ్ముకుంటాడు, బాక్సు ఆగిపోతే కొన్నవాళ్లు వచ్చి వీళ్ల ఫోరంలో తిడతారు. అందుకే వాళ్లు నిషేధించిన యాడాన్ల జాబితా ఒకటి పెట్టారు, మీ లాగ్‌లో (కోడీ తన పని రాసుకునే ఫైలు) అవి కనబడితే సాయం చేయరు. 2015లో అమెజాన్ తన యాప్ స్టోర్ నుంచి కోడీని తీసేసింది, అదీ ఈ పైరసీ పేరు మీదే. దొంగ యాడాన్ ఒక్కటీ వీళ్లు రాసింది కాదు.

మీ రాస్‌బెర్రీ పై సంగతి పూర్తిగా వేరు. మీరు డబ్బు కట్టారు, మీ లాగిన్‌తో చూస్తున్నారు. 2019 జనవరిలో వచ్చిన కోడీ 18 నుంచి ఇన్‌పుట్‌స్ట్రీమ్ అడాప్టివ్ అనే యాడాన్ ద్వారా వైడ్‌వైన్ డీఆర్‌ఎం (గూగుల్ వాళ్ల డిజిటల్ తాళం) ఉన్న వీడియో ఆడించడం కుదురుతోంది. ఇక్కడ తాళం పగలగొట్టడం ఏమీ లేదు, కంపెనీ ఇచ్చే లైసెన్సు తాళంతోనే తెరుచుకుంటుంది. కాకపోతే రాస్‌బెర్రీ పై మీద దొరికేది ఎల్3, అంటే ఆ తాళంలో అన్నిటికన్నా కింది భద్రతా స్థాయి కాబట్టి చాలా సర్వీసులు హెచ్‌డీ ఇవ్వవు. యాడాన్ తరచూ పాడవడానికి కారణం, కంపెనీ తన లాగిన్ పద్ధతి మార్చినప్పుడల్లా యాడాన్ రాసిన మనిషి ఖాళీ దొరికినప్పుడు కూర్చుని దాన్ని మళ్లీ కనిపెట్టాలి, వాళ్లకి ఎవరూ చెప్పరు. నిబంధనల ప్రకారం మీ ఖాతా ఆపే హక్కు కంపెనీకి ఉంది, అది గుర్తుపెట్టుకోండి. దీన్ని దొంగతనం అనడం మాత్రం అన్యాయం. కంపెనీలు రాస్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్లకి కూడా దారి ఇస్తే ఈ గొడవే ఉండదు.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):

అన్నా, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మీ దగ్గర ఒడియా, మా దగ్గర మరాఠీ, బాధ ఒక్కటే. గోదావరి బ్రిడ్జి దాటితే కాళేశ్వరం, అక్కడ అన్ని తెలుగు ఛానళ్లు, ఇక్కడ కేబుల్‌లో మరాఠీ ప్యాక్. నేను డిష్‌లు బిగించే పని చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా.

కేబుల్ ఆయన పైనుంచి రావట్లేదు అంటే అది అబద్ధమే అని అనుకోకండి. టెలికాం, టీవీ నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన కొత్త టారిఫ్ పద్ధతి 2019 ఫిబ్రవరి 1 నుంచి నడుస్తోంది, తన దగ్గర ఉన్న ఏ ఛానల్ అయినా విడిగా అడిగితే ఇవ్వాలి. కానీ తన దగ్గర లేని ఛానల్ తెచ్చి ఇవ్వాలని లేదు. ఒడిశాలో ఉన్న హెడ్ఎండ్‌లో (కేబుల్‌కి ఛానళ్లు పంపే కేంద్రం) తెలుగు ఛానల్ చూసేవాళ్లు తక్కువ అనుకుంటే పెట్టరు. డీటీహెచ్‌కి ఆ ఇబ్బంది లేదు. ఉపగ్రహానికి రాష్ట్రం సరిహద్దు ఉండదు, పర్లాకిమిడిలో కూర్చుని తెలుగు ప్యాక్ అడిగితే ఇయ్యాల్సిందే. కొత్త కనెక్షన్ పెట్టినప్పుడు పిన్ కోడ్ చూసి వాళ్లంతట వాళ్లే ఒడియా ప్యాక్ వేస్తారు, అప్పుడే గట్టిగా చెప్పి తెలుగు ప్యాక్ వేయించుకోండి. మా ఊర్లో సగం ఇండ్లకి నేను చేసేది ఇదే.

ఇంకోటి, బాక్సుల్లో వచ్చే ఆ లైవ్ ఛానల్ ఎక్కడి నుంచి వస్తుందో చాలామందికి తెలీదు. ఎక్కడో ఒకడు మామూలు కనెక్షనే తీసుకుంటాడు, సెట్‌టాప్ బాక్సు నుంచి బొమ్మ పట్టి నెట్‌లోకి తోస్తాడు. మీరు క్రికెట్ చూసేటప్పుడు తెర మీద ఒక మూలన ఉన్నట్టుండి ఒక పొడుగు నంబరు వచ్చి మాయమవుతది చూశారా? దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు. ఆ నంబరు ఆ ఒక్క బాక్సుదే. ఛానల్ వాళ్లు దొంగ స్ట్రీమ్ పెట్టుకుని కూర్చుని, ఆ నంబరు కనబడగానే ఏ బాక్సు కార్డు నుంచి బయటికి పోతుందో పట్టుకుని దాన్ని కట్ చేస్తారు. మ్యాచ్ మధ్యలో మీ లిస్టు ఠక్కున ఆగిపోయేది అందుకే. అమ్మినవాడు ఇంకో కార్డు వెతుక్కునేదాకా మీకు చక్రం తిరుగుతది. ఈ ఆటలో మీ అమ్మ సీరియల్‌కి భరోసా ఎక్కడిది?

రాయగడ_రైలు (రాయగడ):

నేను పూర్తిగా ఒప్పుకోను. చట్టం, కోర్టు అన్నీ నిజమే కావచ్చు, కానీ జనం ఈ బాక్సుల దగ్గరికి ఎందుకు పోయారో కూడా మాట్లాడాలి కదా. ఒక్కో సినిమా ఒక్కో యాప్‌లో ఉంటుంది, అన్నిటికీ కట్టాలంటే మా రైల్వే కాలనీలో ఎవరి జీతం సరిపోతుంది? డబ్బు కట్టినా ఒక యాప్ పాత టీవీలో పనిచేయదు, ఇంకోటి రెండు టీవీల్లో ఒకేసారి రాదు. మా నాన్నగారికి ఒక్క రిమోట్, ఒక్క తెర కావాలి, ఐదు యాప్‌ల ఐదు పాస్‌వర్డులు ఆయన వల్ల కాదు. కోడీ యాడాన్లు ఇచ్చింది అదే, అన్నీ ఒకేచోట. ఆ పని కంపెనీలు చేయలేదు, కుర్రాళ్లు చేసి చూపించారు. చూసేవాడిని దొంగ అనకండి.

గోపాల్‌పూర్_గాలి:

రాయగడ గారూ, చూసేవాళ్లని నేను దొంగ అనలేదు, అనను కూడా. మీరు చెప్పిన ఆ ఒక్క రిమోట్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం, అసలు నేను కోడీ పెట్టుకున్నదే అందుకు. నాకు కోపం మధ్యలో కూర్చుని అమ్ముకునేవాడి మీద. యాడాన్ రాసిన కుర్రాడికి అందులో పైసా రాదు, సినిమా తీసినవాళ్లకి రాదు, ఛానల్‌కి రాదు. వాళ్ల ముగ్గురి పనినీ ఒకే అట్టపెట్టెలో పెట్టి అమ్మి, ఆగిపోతే మళ్లీ మీ దగ్గరే వసూలు చేసేవాడికే వస్తుంది. మహేంద్రతనయ గారికి క్యూఆర్ కోడ్ పంపింది ఆ మనిషే. మన దేశంలో కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 2012 సవరణలో వచ్చిన 65ఏ, ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళాలు పగలగొట్టేవాళ్లకి రెండేళ్ల దాకా పెట్టింది.

కంపెనీలు కూడా దెబ్బ కొట్టేటప్పుడు చూసి కొట్టవు, ఆ మాట కూడా చెప్పాలి. 2020 అక్టోబరులో రికార్డింగ్ కంపెనీల సంఘం ఫిర్యాదు చేస్తే గిట్‌హబ్ వీడియోలు దింపుకునే యూట్యూబ్-డీఎల్‌ని తీసేసింది. జర్నలిస్టులు, పాత వీడియోలు దాచేవాళ్లు వాడే సాధనం అది. గోల అయ్యాక నవంబరులో తిరిగి పెట్టారు. కోడీలో యూట్యూబ్ యాడాన్‌నే తీసుకోండి, అది అధికారిక రిపాజిటరీలోనే ఉంది, పైరసీ ఊసే లేదు. అయినా ఇప్పుడు ఎవరి ఏపీఐ కీ (యాడాన్ యూట్యూబ్‌ని అడగడానికి వాడే తాళంచెవి) వాళ్లే గూగుల్ దగ్గర తీసుకుని పెట్టుకోవాలి. రోజుకి 10,000 యూనిట్లు ఇస్తారు, ఒక్కసారి వెతికితే 100 పోతాయి. ప్రపంచమంతా ఒక్క కీ మీద వాడితే పొద్దున్నే అయిపోతుంది. మామూలు మనిషి ఆ కీ తెచ్చుకునే తతంగం చూసి విసిగిపోయి మళ్లీ బరంపురం షాపుకే వెళ్తాడు. సరైన దారి ఇంత ముళ్లకంపగా పెట్టి, దొడ్డిదారిన పోయారని అరిస్తే ఏం లాభం?

మహేంద్రతనయ:

అందరికీ చాలా థాంక్స్. బాక్సు రాత్రే పీకేశాను, రౌటర్ లైటు నెమ్మదించింది. వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చాను. బావకి ఫోన్ చేస్తే షాపువాళ్లతో మాట్లాడతానన్నాడు, డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ నాకైతే లేదు. సిరొంచ అన్నా, డీటీహెచ్ వాళ్లతో మాట్లాడితే తెలుగు ప్యాక్ ఇస్తామన్నారు, మీరు చెప్పినట్టే ముందు ఒడియా ప్యాకే చదివారు. అమ్మకి అది చాలు. నా కోడీలోనే టీవీ కూడా తెచ్చుకునే సరైన దారి ఏమైనా ఉందా? రాయగడ గారు అన్నట్టు ఒక్క రిమోట్ ఉంటే బాగుంటుంది.

జయపురం_కొండ (జయపురం):

కొంత ఉంది. డీడీ ఫ్రీ డిష్ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది, 93.5 డిగ్రీల తూర్పు. నెలకట్టు లేదు. చిన్న డిష్, ఒక యూఎస్‌బీ డీవీబీ-ఎస్2 ట్యూనర్ (డిష్ సిగ్నల్ పట్టే చిన్న పరికరం), మీ రాస్‌బెర్రీ పై మీద టీవీహెడ్ఎండ్ అనే ఉచిత సర్వర్ పెట్టండి. కోడీలో టీవీహెడ్ఎండ్ క్లయింట్ అధికారిక రిపాజిటరీలోనే దొరుకుతుంది, అన్‌నోన్ సోర్సెస్ ముట్టుకోనక్కర్లేదు. తాళం లేని ఛానళ్లన్నీ కోడీ టీవీ మెనూలోకి వచ్చేస్తాయి, రికార్డింగ్ కూడా అవుతుంది. మన పక్కన చాలామంది పప్పులో కాలేసేది ట్యూనర్ దగ్గరే. కొనే ముందు లైనక్స్‌లో దాని డ్రైవర్ ఉందో లేదో చూడండి, పెట్టె మీద ఎస్2 అని ఉన్నంత మాత్రాన పనిచేయదు. ఇంకా, రాస్‌బెర్రీ పై నుంచి డైరెక్టుగా కరెంటు ఇస్తే ట్యూనర్‌కి చాలదు, విడిగా కరెంటు ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టండి.

ఇందులో పెద్ద ప్రైవేటు తెలుగు ఛానళ్లు రావు, ముందే చెప్తున్నా. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి. 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ యాప్ తెచ్చింది, దూరదర్శన్ ఛానళ్లు అందులో కూడా ఉన్నాయి, ఫోన్లో చూసుకోవచ్చు.

గోపాల్‌పూర్_గాలి:

ఇది మంచి దారి. ఒక్క మాట కలుపుతా. మీ రాస్‌బెర్రీ పై మీద ఆ ఓటీటీ యాడాన్ ఉంచుకోదలిస్తే దాన్ని రాసినవాళ్ల గిట్‌హబ్ పేజీ నుంచే తీసుకోండి, ఇంకెవరో పదిమందివి కలిపి పెట్టిన రిపాజిటరీ నుంచి వద్దు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో యాడాన్స్ కింద అధికారిక యాడాన్లని అధికారిక రిపాజిటరీల నుంచి మాత్రమే అప్‌డేట్ చెయ్ అనే ఎంపిక ఉంటుంది, అది అలాగే ఉందో లేదో చూడండి, బయటి రిపాజిటరీవాళ్లు దాన్ని మార్చమని చెప్తారు, మార్చకండి. ఆ ఓటీటీకి వేరే దేనికీ వాడని పాస్‌వర్డ్ పెట్టండి. పని అయ్యాక అన్‌నోన్ సోర్సెస్ మళ్లీ ఆఫ్ చేసేయండి, ఎక్కిన యాడాన్ నడుస్తూనే ఉంటుంది.

ఇక ఆ ఓటీటీ కంపెనీకి రాస్‌బెర్రీ పై మీద కూడా చూసే దారి ఇవ్వండి, డబ్బు కట్టే మనిషిని నేను అని ఒక ఉత్తరం రాయండి. నేనూ రాస్తాను.

ప్రాణహిత_ఒడ్డు:

ట్యూనర్ పెట్టేటప్పుడు డిష్ తిప్పడం కుదరకపోతే ఇక్కడే అడుగు అన్నా. మీ దగ్గర నుంచి చూస్తే 93.5 డిగ్రీల ఉపగ్రహం దక్షిణం నుంచి కొంచెం తూర్పుకి ఉంటది, ముందు చెట్టు గానీ పక్కింటి మేడ గానీ అడ్డం లేకుండా చూసుకో.